బొడ్డుత్రాడు, ఎముక, ఆశ

బిడ్డ పుట్టగానే బొడ్డు కోసి, మాయను పెరటిలో లోతుగా పాతిపెట్టుట మన ఇండ్లలో పూర్వపు ఆచారము. పురుళ్ళు ఆసుపత్రులకు మారిన పిమ్మట ఆ పని వారి పాలయినది. తొమ్మిది నెలలు బిడ్డను పోషించిన త్రాడు ఒక్క క్షణములో పారవేయదగిన వస్తువగుచు వచ్చినది. ఇప్పుడు ఆ త్రాటిని దాచుకొనుడని చెప్పువారు బయలుదేరినారు. దానిలోని మూలకణములతో మున్ముందు ఎముకలనే తిరిగి మొలిపింపవచ్చునని వారి మాట. అందుకు వారడుగు సొమ్మును స్వల్పము కాదు. ఇందులో నిజమెంత అని మా శ్రోతలు కొందరు అడుగుచున్నారు. ప్రశ్న ఉచితమైనది. ఎముకతోనే ఆరంభింతము.

ఎముక చూచుటకు రాయివలె ఉండును గాని అది సజీవమైన వస్తువు. దానిని కట్టు కణములును, కరగించు కణములును ఎడతెగక పని చేయుచుండును. ఎముక విరిగినప్పుడు ఆ చోట ముందుగా రక్తము గడ్డకట్టును. కొన్ని వారములలో మెత్తని అతుకు ఏర్పడును. దానిలో కాల్షియము, భాస్వరము చేరి గట్టిపడును. ఆ పిమ్మట నెలల తరబడి చెక్కుడు పని సాగి, అతుకు మరల ఎముక రూపము దాల్చును. చర్మము తెగిన చోట మచ్చ మిగులును. ఎముక విరిగిన చోట ఎముకయే మిగులును. పుత్తూరు కట్టయినను, ఆసుపత్రిలోని పిండికట్టయినను చేయునది ఒక్కటే: విరిగిన కొనలను సరిచేసి కదలకుండ ఉంచుట. అతికించుకొనునది ఎముకయే.

అయితే ఈ శక్తికి హద్దు కలదు. ప్రమాదములో ఎముక ముక్క పోయినను, కంతితోపాటు కొంత భాగమును తీసివేయవలసి వచ్చినను, గ్రహణమొర్రితో పుట్టిన బిడ్డకు పైదవడలో సందు ఉన్నను, ఆ ఖాళీని ఎముక తనంతట పూడ్చుకొనలేదు. అప్పుడు శస్త్రవైద్యులు రోగియొక్క తుంటి ఎముక అంచునుండి కొంత తీసి అక్కడ నింపుదురు. తన ఎముక కావున శరీరము దానిని త్రోసివేయదు. కాని ఒక గాయము మాన్పుటకు మరియొక గాయము చేయవలసి వచ్చును. తీసిన చోట నొప్పి చాలకాలము ఉండవచ్చును. పసివారి తుంటిలో దొరకునది కొద్ది. ఈ కష్టము తప్పించుటకే శాస్త్రజ్ఞులు మరియొక మార్గము వెదకుచున్నారు.

ఆ మార్గమునకు పునాది మాస్కోలో పడినది. ఎముక మూలుగలో రక్తము పుట్టించు కణములే గాక, ఎముకను పుట్టించగల కణములు కూడ కలవని 1960 తరువాతి సంవత్సరములలో ఫ్రీడెన్‌స్టైన్ అను శాస్త్రజ్ఞుడు చూపినాడు. 1965లో అమెరికా వైద్యుడు మార్షల్ యూరిస్ట్ ఆమ్లముతో లవణములు తొలగించిన ఎముకను జంతువుల కండరములో ఉంచగా, ఎముక ఉండరాని ఆ చోట క్రొత్త ఎముక పుట్టినది. ఎముకను మొలిపించు సంకేతములు ఎముకలోనే ఉన్నవని దీనివలన తెలిసినది. కావున కట్టు కణములు, వానిని పిలుచు సంకేతము, అవి నిలుచుటకు పందిరి, ఈ మూడును కూర్చవలెను.

కణములకు మూలుగను గ్రుచ్చి తీయనక్కర లేకుండ బొడ్డుత్రాడు ఉపయోగపడును. సుమారు అరమీటరు పొడవుండు ఆ త్రాటిలో రెండు ధమనులు, ఒక సిర కలవు. అవి నలిగిపోకుండ వాని చుట్టును చిక్కని జిగురు పదార్థము ఉండును. 1656లో దానిని వర్ణించిన ఆంగ్ల వైద్యుడు థామస్ వార్టన్ పేరనే అది నేటికిని వార్టన్ జెల్లీ అనబడుచున్నది. ఎముకగా మారగల కణములు అధికముగా ఉన్నది ఈ జిగురులోనే. త్రాటిలోని రక్తము వేరు సంగతి: అందు ముఖ్యముగా ఉన్నవి రక్తమును పుట్టించు కణములు. 1988లో పారిస్‌లో ఎలియాన్ గ్లుక్‌మాన్ బృందము, పుట్టుకతో రక్తవ్యాధి గల ఒక బాలునికి అతని చెల్లెలి బొడ్డుత్రాటి రక్తముతో చికిత్స చేసి సఫలమయ్యెను. అది రక్తపు విజయము. దానిని చూపి ఎముకకు హామీ ఇచ్చుట సరికాదు.

ఎముక విషయములో జరిగినదేమి? జిగురులోని కణములను గాజుపాత్రలలో పెంచి, డెక్సామెథసోన్, సి విటమిను, ఫాస్ఫేటు గల ద్రవములో కొన్ని వారములుంచగా, అవి తమ చుట్టు కాల్షియమును పేర్చుకొనును. ఎర్రని రంగు వేసి చూచిన అది స్పష్టముగ కానవచ్చును. ఇట్టి కణములను కాల్షియము ఫాస్ఫేటు పందిరిపై నాటి, ఎలుకల పుర్రెలో చేసిన రంధ్రములలో పెట్టగా ఎముక పెరిగినది. ఈ కణములు త్వరగా వృద్ధి పొందును. పరులవైనను శరీరము వానిని తీవ్రముగ ఎదిరింపదు. ఇవి సుగుణములు. ఎముకగా మారు తత్పరత మాత్రము మూలుగ కణములకంటె వీనికి తక్కువని పలు పరిశోధనలు చెప్పుచున్నవి. పందిరి పెద్దదైనచో నడుమనున్న కణములకు రక్తనాళములు అందక అవి చచ్చును. నాటిన కణములలో చాలభాగము కొద్దికాలమే బ్రతికి, ఇంటివాని కణములను పనికి పిలిచి తాము తొలగిపోవునని కూడ తేలుచున్నది. ఎలుక పుర్రెలోని చిన్న రంధ్రమునకును, మనిషి తొడ ఎముకకును గల దూరము ఇంకను దాటవలసియే ఉన్నది.

మన దేశములో భారత వైద్య పరిశోధన మండలి 2017లో నియమావళి ప్రకటించినది. బొడ్డుత్రాటి రక్తమును మాత్రమే లైసెన్సుతో నిలువచేయవచ్చును. త్రాటి కండను నిలువచేయుటకు అనుమతి లేదు. రక్తవ్యాధులు మొదలగు కొన్నిటికి తప్ప మూలకణ చికిత్స పరిశోధన దశలోనిదే. పరిశోధనలో చేరిన రోగినుండి సొమ్ము తీసికొనరాదు.

కావున మా మనవి రెండు మాటలు. ఇంటిలో మరియొక బిడ్డకు రక్తవ్యాధి ఉండి వైద్యులు చెప్పినచో త్రాటి రక్తమును దాచుట యుక్తమే. కేవలము ఎముకల ఆశతో అప్పు చేసి దాచుట యుక్తము కాదు. రెండవది, బిడ్డ పుట్టిన పిమ్మట కనీసము ఒక నిమిషమైనను ఆగి బొడ్డు బిగింపుమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆ నిమిషములో త్రాటి రక్తము బిడ్డకు చేరి, తరువాతి నెలలలో ఇనుము లోపము రాకుండ కాపాడును. సీసాలోనికి పట్టవలెనను తొందరలో ఆ నిమిషమును పోగొట్టరాదు. ఎముకల సంగతి శాస్త్రజ్ఞులు తేల్చుదురు గాక. ఈ నిమిషపు మేలు మాత్రము ఈనాడే, ఖర్చు లేకుండ, ప్రతి బిడ్డకును అందదగినది.