అనుకూలమైన చోటు – పక్షుల సంఖ్య



తొలకరిలో దమ్ములు మొదలైనంతనే తెల్లకొంగలు ఏ చేలలో దిగునో కోనసీమ పెద్దలకు వేరుగ చెప్ప నక్కరలేదు. కలిసిన బురద, అందు బయటపడు పురుగు, చీలమండల లోతు నీరు - ఇవి యున్నచోట కొంగ యుండును. నేడు శాస్త్రజ్ఞులు చేయుచున్నదియు నిట్టిదే. ఒక పక్షి కనబడిన తావులను గుర్తించి, అచ్చటి వాన, వేడి, నీరు, చెట్టుచేమలను పరిశీలించి, అట్టి లక్షణములు మరెచ్చట గలవో గణనయంత్రముతో వెదకి, ప్రతి తావునకును ఇంత యోగ్యత యని అంకె వేయుదురు. అంకెలతో గీసిన యీ పటమునే యోగ్యతాపట మందము.

మన తెలుగునేలనే, కడప జిల్లాలో, దీనికొక నిదర్శనము కలదు. 1900 తరువాత కానరాక, నశించినదని తలపబడిన కలివికోడి 1986 జనవరిలో అచ్చట మరల కనబడినది. అది రాత్రివేళ తిరుగు పిట్ట; కంటబడుట దుర్లభము. కావున పరిశోధకులు పొదల నడుమ మెత్తని మన్ను పరచి, తెల్లవారిన పిదప అడుగుజాడలను చదివిరి. మిక్కిలి దట్టమును, బొత్తిగ బయలును గాని నడితరపు చిట్టడవి దానికి నచ్చునని తేలినది. అట్టి పొదలు ఎచ్చట గలవో ఉపగ్రహ చిత్రములలో వెదకిరి.

అయితే చోటు తగినదైనంత మాత్రమున పక్షులు మెండుగ నుండునా? ఇల్లు విశాలమైనంత మాత్రమున బిడ్డలు నిండుగ నుందురా? వేట, రోగము, గ్రుడ్లను హరించు జంతువులు - ఇవి తరచుగ పటములోనికి రావు. తగని చోట పక్షులు విస్తారముగ నుండుట అరుదు. తగిన చోట వేయియు నుండవచ్చును, పదియు నుండవచ్చును. యోగ్యత పైమేరను చూపునే కాని, ఉన్న సంఖ్యను చెప్పజాలదు.

పటము పాతదైనచో మరియొక చిక్కు. నిన్నటి వరిచేను నేడు రొయ్యల చెరువైనచో, నీరు కనబడుచునే యుండును గాని లోతు మారును. కొంగ కాలు నిలువదు. ఆ భేదము పటమున పడకపోవచ్చును. గట్టుమీద నిలిచిన మీకు తెలియక పోదు.

కావున లెక్క మనుష్యుడే చూడవలెను. ఆసియాఖండమున 1987 నుండి ఏటేట జనవరిలో నీటిపక్షులను లెక్కించుచున్నారు. మీరును మీ చెరువుకడనో, గోదావరి లంకకడనో, ఏటేట ఒకే తావున, ఒకే వేళకు నిలిచి, తేదీయు, పక్షి పేరును, సంఖ్యయు వ్రాసి యుంచుడు. ఒక్కటియు కనబడని నాడు ‘లేవు’ అని వ్రాయుట మరువకుడు. ఉన్ననాడు మాత్రమే వ్రాసినచో, తగ్గుదల మన పిల్లల కెన్నటికిని తెలియదు.