కవిత్వమునకు బడి

కవిత్వము నేర్పిన వచ్చునా యను ప్రశ్న పాతది. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయము 1936లో రచయితలకై ప్రత్యేక శిక్షణశాలను నెలకొల్పి, కథను, కవితను పట్టమునకు దగిన కృషిగా నంగీకరించినది. ఆ కీర్తిని విని, మనకట్టిది లేదే యని వగచువారికి మేము బందరును జ్ఞప్తికి దెచ్చుచున్నాము.

అచట తెలుగుపండితులై యుండిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారి యొద్ద విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతము, కాటూరి వేంకటేశ్వరరావుగారలు చదివిరి. గురువు శతావధాని, శిష్యులు తమ తమ త్రోవల బోయిరి. పింగళి కాటూరి కవులు సౌందరనందమను కావ్యమును జంటగా రచించిరి. విశ్వనాథవారు వేయిపడగలు నవలను వ్రాసిరి. రామాయణ కల్పవృక్షమునకు 1970వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము నందిరి.

ఛందస్సు నేర్పవచ్చును, దోషములు దిద్దవచ్చును. ప్రతిభను మాత్రము ఎవ్వరు నీయజాలరు. అయినను, వినెడి గురువు, పోటీపడు సహాధ్యాయులు లేక యెంత ప్రతిభ మొలకలోనే వాడిపోవుచున్నదో!

గ్రంథాలయమున్న ప్రతి యూరను, వారమున కొక సాయంకాలము యువకులు తమ రచనలను చదువుటకును, ఒక పండితుడు విని దిద్దుటకును ఏర్పాటు చేయుడని పెద్దలకు మా మనవి. ఆ పండితునకు సంభావన యిచ్చుట గ్రామమునకు భారము గాదు. పెండ్లిపందిళ్లకు వెచ్చించు ధనములో నది యెన్నవవంతు?