కలివికోడి అన్వేషణ: అడుగుజాడ నుంచి డి.ఎన్.ఏ. వరకు

కంటికి కనిపించని పక్షిని లెక్కించడం ఎలా? కడప జిల్లా లంకమల పాదప్రాంతపు ముళ్ళపొదలలో నివసించే కలివికోడి శాస్త్రజ్ఞుల ముందుంచిన ప్రశ్న ఇది. రాత్రివేళ నేలపై సంచరిస్తూ, పగలు పొదలమాటున నిశ్చలంగా ఉండే ఈ పక్షిని టి.సి. జెర్డన్ సేకరించిన ఆధారాలతో 1848లో బ్లైత్ శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1900 తరువాత దాని జాడ తెలియకపోవడంతో అంతరించిందనే భావించారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ స్థానికుల సహకారంతో రెడ్డిపల్లి సమీపాన దానిని తిరిగి కనుగొన్నారు. గ్రామస్థుల అనుభవజ్ఞానం లేనిదే ఆ అన్వేషణ ఫలించేది కాదు.

ఉనికిని గుర్తించే పద్ధతులు

పక్షుల గణనలో సాధారణంగా నిర్ణీత మార్గంలో నడుస్తూ, కనిపించిన వాటిని నమోదు చేస్తారు. నిశాచరమైన కలివికోడి విషయంలో ఈ పద్ధతి ఫలితమివ్వలేదు. అందువల్ల పొదల మధ్య ఖాళీ స్థలాలలో మెత్తని మట్టిని పలుచగా పరచి, మరునాటి ఉదయం దానిపై పడిన అడుగుజాడలను పరిశీలించే విధానాన్ని అనుసరించారు. అదే పరిమాణంలో ఉండే ఇతర నేలపక్షుల జాడలతో పొరబడే అవకాశం ఉన్నందున, జంతువు ముందు నుంచి కదలగానే తనంతట తాను పనిచేసే కెమెరాలను అమర్చి నిర్ధారించుకున్నారు.

2000 దశకం తొలినాళ్ళలో ఈ పక్షి కూతను మొదటిసారిగా ధ్వనిముద్రణ చేశారు. సూర్యాస్తమయం తరువాత కొద్దిసేపు మాత్రమే ఇది కూస్తుంది. ముద్రించిన కూతను ఆ వేళలో వినిపించి, ప్రత్యుత్తరం కోసం వేచి ఉండడం మరొక సర్వే పద్ధతిగా రూపొందింది. అయితే ప్రత్యుత్తరం రాకపోవడం పక్షి లేదనడానికి నిదర్శనం కాదు. ఒక సందర్శనలో గుర్తింపు సంభావ్యత స్వల్పమైనప్పుడు అదే స్థలాన్ని పలుమార్లు పరిశీలించాలి. ఒక్కసారి వెళ్ళి తెగులు లేదని తేల్చలేమని పొలం సర్వే చేసినవారందరికీ తెలిసినదే.

ఆవాస విశ్లేషణ

జాడలు లభించిన చోట్లను, లభించని చోట్లను పోల్చి, పొదల సాంద్రతను కొలిచారు. తుమ్మ, రేగు, కలివి వంటి ముళ్ళపొదలు మరీ దట్టంగానూ, మరీ పలుచగానూ లేని ప్రదేశాలు దీనికి అనుకూలమని తేలింది. రెండు మీటర్లకు మించిన ఎత్తుగల పొదలు హెక్టారుకు 300 నుంచి 700 వరకు ఉన్నచోట ఈ పక్షి ఉండే అవకాశం అధికం. ఉపగ్రహ చిత్రాల సహాయంతో ఇటువంటి ఆవాసాల విస్తీర్ణాన్ని, వాటి క్షీణతను అంచనా వేశారు. తెలుగుగంగ కాలువ నిర్మాణం పక్షి ఆవాసానికి ముప్పు కాగలదని గుర్తించిన పిమ్మట కాలువ మార్గాన్ని మార్చవలసి వచ్చింది. క్షేత్రస్థాయి దత్తాంశం లేకపోతే ఆ నిర్ణయానికి ఆధారమే ఉండేది కాదు.

జన్యుశాస్త్రపు తోడ్పాటు

అరుదైన పక్షిని పట్టి రక్తం సేకరించడం ప్రమాదకరం. రాలిన ఈకలు, రెట్టలు, ప్రదర్శనశాలల్లోని పాత నమూనాలు ఇందుకు ప్రత్యామ్నాయాలు. కణానికి అనేక ప్రతులుగా ఉండే మైటోకాండ్రియా డి.ఎన్.ఏ. పాత నమూనాలలో సైతం కొంతమేర నిలిచి ఉంటుంది. స్కాట్లండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయ ప్రదర్శనశాలలో లభించిన ఒక గుడ్డు 1917లో కోలారు బంగారు గనుల ప్రాంతంలో సేకరించినది. దాని డి.ఎన్.ఏ.ను పాత కలివికోడి నమూనాలతో పోల్చి, అది ఈ పక్షి గుడ్డేనని 2013లో ప్రకటించారు. ఒకప్పుడు ఈ జాతి కడప ప్రాంతానికి వెలుపల కూడా గుడ్లు పెట్టేదనడానికి ఇది బలమైన సూచన. అయితే ఒక్క గుడ్డు జాతిని గుర్తించగలదే కాని, సంతతిలోని జన్యువైవిధ్యాన్ని తెలుపలేదు. అందుకు అనేక పక్షుల నమూనాలు, కేంద్రక డి.ఎన్.ఏ. సూచికలు అవసరం.

విస్తరణ సేవలకు సందేశం

ఈ పరిశోధన వ్యవసాయశాఖకు సంబంధించనిది కాదు. పొదలను పూర్తిగా తొలగించి భూమిని సాగులోకి తెస్తే ఆవాసం నశిస్తుంది. మేతను, కట్టెసేకరణను సంపూర్ణంగా నిలిపివేస్తే పొదలు దట్టమై పక్షికి ప్రతికూలం కావచ్చు. ఎంత మేత మేలు చేస్తుందో, ఎంత హానికరమో నియంత్రిత ప్రయోగాలతో మాత్రమే తేలుతుంది. పొదల సాంద్రతకు, పక్షి ఉనికికి గల సంబంధం ఒక్కటే దానిని నిరూపించదు. ఈ ప్రయోగాలకు పశువుల కాపరుల సహకారం అనివార్యం. లంకమల పరిసరాలలో బంజరు అభివృద్ధి, తోటల విస్తరణకు సలహాలిచ్చే ముందు ఆ నేల బంజరు కాదనీ, ఒక జాతికి మిగిలిన చివరి ఆశ్రయాలలో ఒకటి కావచ్చుననీ విస్తరణ శాస్త్రవేత్తలు గుర్తుంచుకోవాలి.