బాతాఖానీ చేతకాని బాతులు

కదిరి తేరుకు పోయినోళ్లు కుంకుమ తెస్తారు, బొరుగులు తెస్తారు. నేను ఐదు బాతుపిల్లల్ని తెచ్చాను. నాలుగేళ్ల కిందటి ఫాల్గుణ మాసం. అట్టపెట్టెకు చిల్లులు పొడిచి, ఒళ్లో పెట్టుకుని నల్లమాడ బస్సెక్కాను. "అన్నీ పెట్టలేక్కా, ఒక్కోటి ఏడాదికి మున్నూరు గుడ్లు" అన్నాడు అమ్మినాయన. మా అత్త ఆ రాత్రే లెక్కగట్టింది. ఐదు మున్నూర్లు పదిహేను నూర్లు. గుడ్ల డబ్బుతో మిద్దెకు సున్నం కొట్టించొచ్చంట.

రెండు నెలలు గడిచినా మా పెరట్లో బాతు అరుపు వినపడలేదు. గొంతు పోయిన మనిషి గుసగుస పెట్టినట్టు బొంగురు చప్పుడు తప్ప ఇంకేం లేదు. జలుబు చేసిందేమోనని మిరియాల కషాయం కూడా కాచాను. బుక్కపట్నం చెరువు కింద కోతలైన మళ్లలో బాతులు మేపుకుంటున్న ఒక తాతను చూసి, ఒకదాన్ని గంపలో పెట్టుకుని పోయి చూపించాను. ఆయన దాన్ని చంకలో ఇరికించుకుని, మెడ దగ్గర చెవి పెట్టి విని నవ్వినాడు. "దీనికి జలుబూ లేదు, గిలుబూ లేదు. ఇది పోతమ్మా. పెట్టయితే ఊరంతా ఇనపడేది."

ఇంటికొచ్చి మిగతా నాలుగింటి దగ్గరా చెవి పెట్టాను. అన్నీ పోతులే.

బాతుల్లో గట్టిగా అరిచేది పెట్ట. పోతుకు శ్వాసనాళం రెండుగా చీలే చోట, ఎడమ పక్కన, బొమికలాంటి చిన్న బుడ్డ ఉంటుంది. దాంతో గొంతు అణిగిపోతుంది. రెండో గుర్తు మూడు నాలుగు నెలలకు బయటపడుతుంది. తోక మీద రెండు మూడు ఈకలు పైకి వంపు తిరిగి, మీసం మెలేసినట్టు నిలబడతాయి. పెట్టలకు ఆ మీసం రాదు.

ఐదుకు ఐదూ పోతులెట్లా వచ్చాయి? గుడ్ల కోసం పెంచేవాళ్లకు పోతులు ఎక్కువ అక్కర్లేదు. ఐదారు పెట్టలకు ఒక్క పోతు చాలు. పొదిగిన గుడ్లలో సగం మాత్రం పోతులే అవుతాయి. ఆ మిగులు కూరలోకి పోతుంది, లేదంటే తిరునాళ్ల గంపలోకొస్తుంది. మావాటి గోధుమ వన్నె, తల మీది కంచు మెరుపు చూస్తే ఖాకీ క్యాంప్‌బెల్ రక్తమే అనిపిస్తుంది. సుమారు 1900 ప్రాంతంలో ఇంగ్లండులో ఎడీల్ క్యాంప్‌బెల్ అనే ఇల్లాలు రకరకాల బాతుల్ని కలిపి తయారు చేసిన జాతి అది. సిపాయిల బట్టల రంగులో ఉన్నాయని ఖాకీ అన్నారు. ఏడాదికి 300 గుడ్ల మాట నిజమే, పెట్టలైతే.

ఇక అందరిదీ ఒకటే మాట. "పోతులన్నీ ఒకచోట ఉంటే పుంజుల మాదిరి పొడుచుకుని చస్తాయి, కోసెయ్." కోసే చెయ్యి నాకు లేదు. అప్పటికే పేర్లు కూడా పెట్టేశాను. పెద్దోడు, నడిపోడు, చిన్నోడు, కుంటోడు, కడగొట్టోడు.

పొడుచుకున్నాయా అంటే, మొదట్లో కొన్నాళ్లు రొమ్ముతో రొమ్ము నెట్టుకున్నాయి, మెడ ఈకలు పట్టి లాక్కున్నాయి, ఒకదాని మీదొకటి ఎక్కాయి. పెద్దోడు ముందు తినాలి, తక్కినవి తర్వాత. ఆ వరస కుదిరాక గొడవ అణిగింది. పొద్దున తలుపు తీస్తే ఇప్పటికీ అదే వరసలో బయటికొస్తాయి. బాతుకు కోడిపుంజు లాంటి కత్తి కాలు లేదు కదా.

ఒక్కసారే రక్తం చూశాను. పక్కింటి వదిన కాన్పు పనిమీద కూతురింటికి పోతూ తన పెట్టబాతును మా దగ్గర వదిలింది. మధ్యాన్నం గుడిసెలో గోల విని పోయేసరికి ఐదూ దాని మీద పడున్నాయి. పెట్ట మెడ వెనక ఈకలు రూపాయి బిళ్లంత మేర ఊడిపోయి, తోలు ఎర్రగా తేలింది. నా ఐదూ కలిసి తిరిగేవి కాస్తా ఆ పూట ఒకదాన్నొకటి కూడా కొరుక్కున్నాయి. పెట్టను తీసి వంటింట్లో కట్టేస్తే, అది అరిచినంతసేపూ ఇవి కంచె దగ్గరే కాచుకున్నాయి. మర్నాడు దాన్ని ఊరవతల చిన్నమ్మ ఇంటికి చేర్చాను. రెండు రోజులకు పెరడు మళ్లీ సద్దుమణిగింది. పోతులు కలిసి ఉండటం కష్టం కాదు, వాటి మధ్య ఒకట్రెండు పెట్టలుండటమే కష్టం. పెట్ట కంటికి, చెవికి దూరంగా ఉంటే చాలు.

నీళ్ల సంగతి అడుగుతారు. అడగాల్సిందే. 2022లో మా జిల్లా మారింది గానీ, 550 మిల్లీమీటర్ల వాన కోసం మొగులు చూసే బతుకు మారలేదు. బాతుకు చెరువు ఉంటే సంతోషం, లేకపోయినా బతుకుతుంది. తల మొత్తం మునిగేంత లోతు మాత్రం ఉండాలి. ముక్కు రంధ్రాలూ కళ్లూ అట్లా కడుక్కోకపోతే పూడుకుపోతాయి. తోక మొదట్లో ఉండే నూనె తిత్తి నుంచి ముక్కుతో నూనె తీసి ఈకలకు పూసుకోవాలన్నా ముందు స్నానం కావాలి. నీలం ప్లాస్టిక్ డ్రమ్మును నిలువునా కోయించి, ఒక సగాన్ని నేలలో పూడ్చాను. రెండు రోజులకోసారి ఆ మురికినీళ్లు అరటి, మునగ, కరివేపాకు పాదులకు పోతాయి. "బాతులకు పోసే నీళ్లు దండగ" అన్న మా అత్తే ఈ ఏడు అరటి గెల బరువు చూసి నోరు మూసుకుంది.

మేతలోనే నేను రెండు తప్పులు చేశాను. మొదటిది కుంటోడి కాలు. కోడిపిల్లల మేత ఒక్కటే పెట్టాను. బాతుపిల్లకు నియాసిన్ అనే విటమిన్ కోడిపిల్లకన్నా రెట్టింపు దాకా కావాలి, లేకుంటే కాళ్లు వంకరపోతాయి. తర్వాత తవుడు, ఈస్టు కలిపినా వాడి కాలు పూర్తిగా తిన్నగా కాలేదు.

రెండో తప్పు కడగొట్టోడి ప్రాణం తీసింది. చెనిక్కాయ పండించే ఊళ్లో చెనిక్కాయ చెక్కకు కొరతా? కార్తీక మాసంలో ముసురు పట్టి, కొట్టంలోని మూట అడుగున చెమ్మ తగిలింది. పైన తీసి పెడుతూ పోయాను, అడుగు చేరాక కొంచెం పచ్చగా బూజు కనిపించింది. బూజు గీకి, మిగతాది నానబెట్టి పెట్టాను. వారం తిరగకముందే కడగొట్టోడు మేత మానేశాడు. తూలుతూ నడిచాడు. మూడో రోజు పొద్దున తొట్టి పక్కన మెడ వెనక్కి వాల్చి పడున్నాడు. పశువుల డాక్టరు పొట్ట కోసి కాలేయం చూపించి, "ఏం పెట్టినావమ్మా?" అనడిగాడు.

ఆ బూజులో పుట్టే విషం పేరు అఫ్లాటాక్సిన్. దాన్ని తట్టుకోవడంలో బాతంత బలహీనమైన పక్షి మరొకటి లేనట్టే. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చాయి. బ్రెజిల్ నుంచి వచ్చిన చెనిక్కాయ పిండి దానికి కారణమని తర్వాత తేలింది. అప్పుడు బాతుపిల్లలూ చచ్చాయి. ఆ విషాన్ని పరీక్షించడానికి ప్రయోగశాలల్లో వాడింది కూడా రోజు వయసు బాతుపిల్లల్నే. ఉడకబెట్టినా ఆ విషం పోదు, బూజు గీకినా పోదు. మనకు ఇంకో కీడు కూడా ఉంది. కాయ ముదిరే వేళ వాన ఎగ్గొడితే నేలలో ఉండగానే కాయకు ఆ బూజు పడుతుంది. అనంతపురం చేలలో ఇక్రిశాట్ వాళ్లు ఏళ్ల తరబడి పని చేసింది ఈ సమస్య మీదే. మా అత్త చెప్పినట్టు గుడిసెలో చెనిక్కాయ పొట్టు పరిచే అలవాటూ మానేశాను. బాతులు తడిపిన పొట్టు రెండు రోజులకే బూజు పడుతుంది. ఇప్పుడు ఇసుక పరుస్తున్నాను. దానివల్ల పాదాలు కూడా పగలవు.

రాత్రిపూట తలుపేసి గొళ్లెం పెడతాను, కుక్కలూ ముంగిసలూ ఉన్నాయి కాబట్టి. అంతకుమించి పని లేదు. గుడ్డు లేదు, కూర లేదు, కాపలాకు అరిచే గొంతూ లేదు. సాయంత్రం మల్బరీ తోట నుంచి వచ్చి తొట్టి అంచున కూర్చుంటే నాలుగూ నా కాళ్ల చుట్టూ చేరి గుసగుసలు పెడతాయి. బాతాఖానీ కాదది, ఒకరకం చాడీలనిపిస్తుంది.

గుడ్లు కావాలంటే తిరునాళ్ల గంప నమ్మొద్దు. బెంగళూరు దగ్గర హెసరఘట్టలో కేంద్ర ప్రభుత్వ కోళ్ల సంస్థకు బాతుల విభాగం ఉంది, అక్కడ కనుక్కోండి. తిరునాళ్లలో కొనుక్కున్నవి పోతులని తేలితే కంగారుపడి కోయకండి. కనీసం రెండింటినైనా కలిపి ఉంచండి, ఒంటరి బాతు బెంగపడుతుంది. మేత మూట అడుగు మాత్రం వారానికోసారి చేత్తో తడిమి చూడండి.