ఇంటి చుట్టముల పట్టిక



పూర్వము బంధువుల చిరునామాలు పద్దుపుస్తకము కడపటి పుటలో నుండెడివి. ఇప్పుడవి ఫోనులలో నున్నవి. అదియు నొక్కచోట గాదు. మన ఫోనులో కొన్ని, మగవారి ఫోనులో కొన్ని, కంప్యూటరులో మరికొన్ని. వీని నన్నిటిని ఏకము చేయుట మీట నొక్కినంత సులభమని చెప్పుదురు గాని, చేసిచూచినవారికే దాని చిక్కు తెలియును.

మా కోస్గి ప్రాంతమున నీ పట్టిక విలువ మిక్కుటము. పాలమూరు వలస జగమెరిగినదే. పెక్కిండ్లవారు కూలికై ముంబాయికో పుణెకో పోవుదురు. ఇంటనున్న తల్లి ఫోను నీట బడి నంబర్లు పోయినచో, కొడుకు తానై పిలుచువరకు నామె వేచియుండవలసినదే.

క్రొత్త పేరు వ్రాయునపుడు ఎచ్చట దాచవలెనని ఫోను అడుగుచుండును. మనము చూడకయే నొక్కుదుము. చిక్కంతయు నచ్చటనే పుట్టుచున్నది. సిమ్ములో దాచినచో పేరు, నంబరు తప్ప వేరేమియు నిలువదు. తెలుగు లిపికి చోటెక్కువ పట్టుటచే పొడవైన పేర్లు తెగిపోవును. ఫోనులోనే దాచినవి ఫోనుతోనే పోవును. గూగుల్ మొదలగు ఖాతాలో దాచినవి మాత్రమే ఇతర ఫోనులకును, కంప్యూటరునకును చేరును.

అన్నిటిని కలుపగానే ఒక్కొక్క మనిషి ముగ్గురగును. ఒకచోట పది అంకెలు, ఒకచోట ముందు 91, ఒకచోట ముందు సున్న. (2021 జనవరి 15 నుండి తీగ ఫోనుతో సెల్‌ఫోనును పిలుచుటకు సున్న తప్పనిసరియైనది.) పేరొకచోట తెలుగున, వేరొకచోట ఆంగ్లమున నున్నచో యంత్రమునకు పోలిక తెలియదు. జంట పేర్లను కలుపుదునని యంత్రమే యడుగును, గుడ్డిగా సరేయనరాదు. ఒకే ఫోను వాడుకొను అత్తాకోడండ్రు ఒక్కమనిషియై పోగలరు!

వరుసల సంగతి మరియు విచిత్రము. మావారి పట్టికలో 'అమ్మ' యనగా మా అత్తగారు. మా పట్టికలో పుట్టింటి తల్లి. రెండు ఫోనులు నొకే ఖాతాలో నున్నచో ఇద్దరమ్మలు పక్కపక్కన నిలుతురు. పుట్టింటికని పిలిచి, అత్తవారి కష్టములు మొదలిడినచో, ఆవల వినునది అత్తగారే కావచ్చును. కావున 'అమ్మ' యని విడువక పక్కన పేరో ఊరో చేర్చవలెను. అంతకన్న ముఖ్యము, ప్రతి స్త్రీకి తన ఖాతా, తన రహస్యపదము వేరుగా నుండుట. భర్త ఖాతాలోనో కొడుకు ఖాతాలోనో మన పుట్టింటి నంబర్లుండుట మాకు సమ్మతము గాదు. వారొక పేరు చెరిపినచో మన ఫోనులోను చెరుగును. గూగుల్ ఖాతాలో చెరిగినవి ముప్పది దినములు చెత్తబుట్టలో నుండును. ఆలోపున తిరిగి తీసికొనవచ్చును.

పట్టికను కలుపుటకు ముందే వీకార్డ్ అను దస్త్రముగా నొక ప్రతి దాచుకొనుడు. అందును 1996 నాటి పద్ధతి వేరు, 2011 నాటిది వేరు. ఒకదానినొకటి సరిగా చదువనిచో తెలుగు పేర్లు పిచ్చిగీతలగును. అందుచే అతిముఖ్యమైన అయిదారు నంబర్లు కాగితముపై వ్రాసి, రేషను కార్డు ఉంచు సంచిలోనే యుంచుడు.