విప్లవ యుగములో విజ్ఞానము, వైద్యము: మశూచి టీకా నేర్పు పాఠము

ఉపోద్ఘాతము

1789లో ఫ్రాన్సు దేశములో విప్లవము లేచిన తరువాత ఐరోపాలో రాజ్యములతోపాటు విజ్ఞానశాస్త్రము కూడ కుదుపునకు లోనైనది. ప్రాణవాయువును కనుగొన్నవారిలో ఒకరైన జోసెఫ్ ప్రీస్ట్లీ ఇంగ్లాండులో సంఘకాపరి. త్రిత్వ సిద్ధాంతమును అంగీకరించని ఈయన విప్లవమును సమర్థించినందున, 1791లో బర్మింగ్‌హామ్‌లోని ఆయన ఇంటిని అల్లరిమూకలు తగులబెట్టినవి. ఆ వాయువునకు ఆక్సిజన్ అని పేరుపెట్టిన లావోయిజర్ పన్నుల వసూలు గుత్తదారులలో ఒకరు. ఆ కారణమున 1794లో విప్లవ ప్రభుత్వమే ఆయనకు శిరచ్ఛేదము విధించినది. విజ్ఞానము రాజకీయములకు వెలుపల నిలువదని ఈ రెండు సంగతులు తెలుపుచున్నవి. ఆ యుగములోనే మన దేశమునకు వచ్చిన మశూచి టీకా చరిత్రను, అందులో సంఘకాపరులకున్న పాఠమును ఈ వ్యాసములో పరిశీలించుచున్నాము.

టీకాకు ముందు

మశూచి పొక్కులలోని చీమును ఆరోగ్యవంతుల చర్మములోనికి ఎక్కించి, తేలికపాటి వ్యాధి కలిగించి, రక్షణ పొందు పద్ధతి అంతకుముందే ఉండెను. అది ప్రమాదము లేనిది కాదు. ప్రసిద్ధ వేదాంతి జోనాతన్ ఎడ్వర్డ్స్ 1758లో ఈ పద్ధతి చేయించుకొని మరణించారు. 1722లో లండనులో ఎడ్మండ్ మాసీ అను బోధకుడు యోబు 2:7 ఆధారముగా ప్రసంగించుచు, సాతాను యోబు దేహమునకు అంటించినది ఇట్టి రోగమే కావచ్చునని, ఈ పద్ధతి పాపమని వాదించారు. ప్రమాదమును గూర్చి హెచ్చరించుట న్యాయమే. వాక్యములో లేని దానిని వాక్యముపై మోపుట న్యాయము కాదు.

1796లో ఎడ్వర్డ్ జెన్నర్ అను వైద్యుడు, పాదిరి కుమారుడు, ఆవుల పొదుగుపై వచ్చు గోమశూచి రసముతో మశూచిని నిరోధింపవచ్చునని ప్రయోగము చేసి, 1798లో ప్రచురించారు. ఇది పాత పద్ధతికంటె ఎంతో సురక్షితమైనది.

నెల్లూరు సీమలో

ఫ్రెంచివారి సహాయము కోరిన టిప్పు సుల్తాను 1799లో శ్రీరంగపట్టణములో మరణించెను. అక్కడ దొరికిన ఉత్తరములను నెపముగా చూపి, కంపెనీవారు 1801 జూలై 31న ఆర్కాటు నవాబు రాజ్యమును స్వాధీనము చేసుకొనిరి. వెంకటాచలము, గూడూరు ప్రాంతములు గల నెల్లూరు సీమ ఆ రాజ్యములోనిదే. మరుసటి సంవత్సరమే, 1802 జూన్ 14న, వియన్నా, బాగ్దాదు, బస్రాల మీదుగా వచ్చిన టీకా రసమును బొంబాయిలో మూడేండ్ల బాలికకు వేసిరి. అక్కడనుండి అది మద్రాసు రాజధానికి చేరినది.

కాబట్టి జనుల దృష్టిలో పన్ను వసూలు చేయు చేయి, టీకా వేయు చేయి ఒక్కటే. పైగా ఆ దినములలో ఒక బిడ్డ చేతి పొక్కులోని రసమునే మరొక బిడ్డ చేతికి ఎక్కించెడివారు. కులాచారమునుబట్టి చాలమంది దీనికి జంకిరి. మశూచిని అమ్మవారు పోసినదని నమ్మి పోలేరమ్మకు మొక్కుకొను పల్లెలలో అనుమానము సహజమే. దానిని కేవలము మూఢత్వమని కొట్టివేయరాదు.

ఈ అనుమానమును తొలగించుటకు కొందరు అడ్డదారి పట్టిరి. 1819లో మద్రాసు పత్రిక ఒకదానిలో వచ్చిన లేఖ, ధన్వంతరి పేరట గల సంస్కృత గ్రంథములో ఈ టీకా విధానము ముందే ఉన్నదని చెప్పినది. ఆ శ్లోకములు ప్రాచీనములు కావని, జనులను ఒప్పించుటకు కల్పించినవని తరువాతి పరిశోధన తేల్చినది. ఉద్దేశము మంచిదే, సాధనము అబద్ధము.

సంఘకాపరులకు పాఠము

మాసీ భయపెట్టుటకు లేఖనమును వాడుకొనగా, ఆ శ్లోకకర్త ఒప్పించుటకు లేఖనమును కల్పించెను. ఇద్దరి దోషము ఒక్కటే. 2021లో కోవిడ్ టీకాలు వచ్చినప్పుడు మన సంఘములలోను ఇట్టి ప్రశ్నలే లేచినవి. కొందరు టీకాలో మృగము ముద్రను చూచిరి. మరికొందరు విశ్వాసికి టీకా అవసరము లేదనిరి. కొలొస్సయులకు వ్రాసిన పత్రికలో పౌలు లూకాను ప్రియమైన వైద్యునిగా పేర్కొనుట (4:14) మనము మరువరాదు.

మశూచి మన దేశములో 1975లో అంతమైనది. 1980లో ప్రపంచము దానినుండి విముక్తమైనదని ప్రకటించిరి. ఈ మేలు కొరకు దేవుని స్తుతించుదము. టీకాను గూర్చి విశ్వాసులు అడిగినప్పుడు దాని మేలును, అరుదైన ప్రమాదమును దాచక చెప్పి, తెలిసిన వైద్యుని యొద్దకు పంపుదము. దేవుని పక్షమున అబద్ధము పలుకవచ్చునా అని యోబు తన స్నేహితులను నిలదీసెను (13:7). యోబు గ్రంథముపై ప్రసంగించు ప్రతివాడును ఆ ప్రశ్నకు మొదట తానే జవాబు చెప్పవలసియున్నది.