వార్తల్లో పదం: వాఫిద్

గల్ఫ్ దేశాల్లో ఉద్యోగానికి వెళ్లేవారి వైద్య పరీక్షలను నమోదు చేసే ఆన్‌లైన్ వ్యవస్థే వాఫిద్. రియాద్ కేంద్రంగా పనిచేసే గల్ఫ్ హెల్త్ కౌన్సిల్ దీన్ని నడుపుతోంది. కరీంనగర్, జగిత్యాల, కడప, కోనసీమ పల్లెల్లో ఇప్పటికీ దీని పాత పేరు ‘గమ్కా’నే వినిపిస్తుంది.

అభ్యర్థి పోర్టల్‌లో పాస్‌పోర్టు వివరాలు నింపి, రుసుం చెల్లించి స్లిప్ తీసుకోవాలి. అందులో ఉన్న కేంద్రంలోనే పరీక్షలు చేయించుకోవాలి. తెలుగువారికి హైదరాబాద్ కేంద్రాలు దగ్గర. రక్తపరీక్షలో హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్ వంటివి చూస్తారు. ఛాతీ ఎక్స్‌రేతో క్షయను పసిగడతారు. ఎప్పుడో నయమైన క్షయ తాలూకు మచ్చ కనిపించినా ‘అన్‌ఫిట్’ అయ్యే అవకాశముంది. ఫలితం ఆన్‌లైన్‌లో నమోదవుతుంది.

‘ఫిట్’ ధ్రువపత్రానికి గడువు ఉంటుంది. అది దాటితే మళ్లీ పరీక్షలు తప్పవు. ఖతార్‌కు వెళ్లే కార్మికులకు మాత్రం 2019 నుంచి భారత్‌లోని ఖతార్ వీసా కేంద్రాల్లోనే వైద్య పరీక్షలు, వేలిముద్రల సేకరణ జరుగుతున్నాయి. వీటిలో ఢిల్లీ, హైదరాబాద్ కేంద్రాలూ ఉన్నాయి. భారత్‌లో ఫిట్ అయినా యూఏఈ, కువైట్ వంటి దేశాల్లో దిగాక మరోసారి పరీక్ష ఉంటుంది. అందులో నెగ్గితేనే నివాస అనుమతి దక్కుతుంది.